వాల్వు పక్కన ట్రాన్సిస్టరు

వాల్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి కొన్నాళ్లు పోయాక ట్రాన్సిస్టరుది కూడా ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ దశకొచ్చినవాళ్లు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే. "తియ్యగా పలికేది ఉందండీ, ఇక స్ఫుటంగా పలికేది ఏది తీసుకోమంటారు?" విస్తట్లో బూరె పక్కన ఆవకాయ వడ్డించినట్టు, దీన్ని రుచుల లెక్కలో చూడటం నాకు నచ్చదు. అసలు లెక్క ఓమ్స్‌లో ఉంది. హెడ్‌ఫోన్‌లో చుట్టే తీగకి ఎన్ని ఓమ్స్ ఉండాలన్నది ఈ నూరేళ్ల పైచిలుకులో ఎవరు, ఎందుకు మారుస్తూ వచ్చారో తెలిస్తే రెండో పెట్టె ఎలాంటిది కావాలో దానంతటదే తేలిపోతుంది.

నేను తెనాలివాణ్ణి. బోసు రోడ్డుకి దగ్గర్లో మా నాన్నగారికి రేడియో రిపేరు షాపు ఉండేది. బల్ల మీదికి వచ్చేవి రెండే రకాలు. ఇళ్లలోని వాల్వు రేడియోలు, పెళ్లిళ్లకీ శ్రీరామనవమి పందిళ్లకీ అద్దెకిచ్చే మైకు సెట్ల యాంప్లిఫయర్లు. రేడియోల్లో ఈఎల్84, 6వీ6, మైకు సెట్లలో 6ఎల్6. వాల్వు అనే మాట నాన్నగారు పెద్దగా వాడేవారు కాదు, ఆయనకి అన్నీ బల్బులే. షాపులో ఒక పాత హెడ్‌ఫోన్ ఉండేది. నల్లటి డబ్బీలు రెండు, వాటి మధ్య స్ప్రింగు తీగ, గుడ్డ చుట్టిన వైరు. డబ్బీ వెనక 2000 ఓమ్స్ అని చెక్కి ఉండేది. పాటలు వినడానికి కాదు అది. దాని వైరుకి ఒక కండెన్సరు కలిపి, రేడియోలో ఒక్కో స్టేజీ దగ్గరా ఆనించి వింటూ పోయేవారు. ఎక్కడిదాకా మాట వినిపిస్తోందో, ఎక్కడ ఆగిపోయిందో చెవితోనే పట్టేసేవారు. మీటరు తియ్యాల్సిన పని సగంసార్లు ఉండేది కాదు.

ఇప్పటి ఫోన్లకి తగిలించే ఇయర్‌ఫోన్లు 16, 32 ఓమ్స్. అప్పట్లో 2000 ఎందుకు? క్రిస్టల్ సెట్టుకి కరెంటూ లేదు, సెల్లూ లేదు. ఏరియలు పట్టిన రవ్వంత శక్తే చెవిదాకా వెళ్లాలి. అంత చిన్న కరెంటుతో రేకు కదలాలంటే వెంట్రుక లాంటి తీగని వేల చుట్లు చుట్టాలి. అన్ని చుట్లు వేస్తే ఓమ్స్ వాటంతటవే వేలల్లోకి వెళ్తాయి. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నతానియల్ బాల్డ్విన్ అలాంటి సున్నితమైన జత ఒకటి తయారుచేసి 1910లో అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్లు పరీక్షించి చూసి మరిన్ని కావాలన్నారు. ఆయన వంటింట్లో కూర్చుని చేసేవాడు, ఆర్డరు పెద్దదైతే తట్టుకోలేనని చెప్పుకున్నాడంటారు.

వాల్వు వచ్చాక కూడా ఆ ఓమ్స్ తగ్గలేదు. 1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. 1906లో లీ డి ఫారెస్ట్ దానికి మూడోది చేర్చి ఆడియాన్ అన్నాడు. వాల్వు స్వభావమే ఎక్కువ వోల్టేజి, కొద్దిపాటి కరెంటు. దాని ప్లేటు ఎదురుచూసేది వేల ఓమ్స్ లోడు. హెడ్‌ఫోన్‌వీ వేల ఓమ్సే. కాబట్టి మధ్యలో ఏమీ లేకుండా హెడ్‌ఫోన్‌ని నేరుగా ప్లేటు సర్క్యూట్‌లోనే కలిపేసేవారు. డీసీ కరెంటు కూడా తీగ చుట్టలోంచే పోయేది కనక ఏ వైరు ప్లస్సుకి కలపాలో గుర్తు పెట్టి అమ్మేవారు.

చిక్కు స్పీకరుతో వచ్చింది. స్పీకరు 4 ఓమ్సో 8 ఓమ్సో. ఈఎల్84కి కావలసింది 5000 ఓమ్స్ పైచిలుకు. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. వాల్వు సెట్టు మొత్తంలో బరువైనదీ, ఖరీదైనదీ, కాలిపోతే రీవైండింగుకి పంపాల్సినదీ అదే. యాంప్లిఫయరు మంచిచెడ్డలన్నీ చాలావరకు దాని చేతిలోనే ఉండేవి. దాన్ని వదిలించుకోవాలని చాలామంది చూశారు. ఫిలిప్స్ వాళ్లు 1950లలో ఎదురుదారి పట్టి, వాల్వుని మార్చకుండా స్పీకరునే 800 ఓమ్స్‌కి చుట్టారు. అమెరికాలో జూలియస్ ఫటర్‌మన్ 1954లో ట్రాన్స్‌ఫార్మరు లేని యాంప్లిఫయరు డిజైను అచ్చువేయించాడు. ఇవాళ ఓటీఎల్ అని పిలిచే వాల్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లన్నీ ఆ ఆలోచన వారసులే.

వాటిలో ఎక్కువగా కనిపించే బల్బు 6ఏఎస్7జీ, లేదా దాని తోబుట్టువు 6080. ఇవి పాటల కోసం పుట్టినవి కావు. పవర్ సప్లైలో వోల్టేజిని నిలకడగా ఉంచడానికి చేసినవి. మామూలు ట్రయోడ్‌లో ప్లేటు రెసిస్టెన్సు వేలల్లో ఉంటే వీటిలో 280 ఓమ్సే. అందుకే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా హెడ్‌ఫోన్‌ని నడపగలుగుతున్నాయి. నా బల్ల మీద ఉన్నదీ ఇదే. రిటైరయ్యి హైదరాబాదు వచ్చాక, ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన పవర్ ట్రాన్స్‌ఫార్మరుతో కట్టుకున్నాను. స్విచ్ వేశాక బల్బు వెలుగు పట్టేదాకా హెడ్‌ఫోన్ పిన్ను పెట్టను. కండెన్సరు ఛార్జయ్యేటప్పుడు వచ్చే దెబ్బ చెవికీ మంచిది కాదు, లోపలి తీగకీ మంచిది కాదు.

హెడ్‌ఫోన్ల సంగతికొస్తే, బెర్లిన్‌లో ఒయిగెన్ బేయర్ కంపెనీ 1937లో డీటీ 48 తెచ్చింది. రేకు బదులు స్పీకరులో లాగా కదిలే చుట్ట పెట్టిన తొలితరం హెడ్‌ఫోన్ అది. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ చూపించేదాకా, స్పీకరు ఉండగా ఇంట్లో కూర్చుని సంగీతం వినడానికి హెడ్‌ఫోన్ అనే ఆలోచన జనంలో పెద్దగా లేదు. అప్పటికి అది ఎక్కువగా ఆపరేటర్ల పనిముట్టు. పదేళ్లకి, 1968లో, జర్మనీలో జెన్‌హైజర్ కంపెనీ పసుపుపచ్చ స్పాంజి పెట్టిన హెచ్‌డీ 414 విడుదల చేసింది. వెనక మూత లేని హెడ్‌ఫోన్. లక్షల్లో అమ్ముడుపోయింది. దాని ఇంపీడెన్సు ఎంతనుకుంటున్నారు? మళ్లీ 2000 ఓమ్సే.

రేడియో స్టూడియోల్లో, రికార్డింగు థియేటర్లలో నడిచింది 600 ఓమ్స్. అది టెలిఫోను లైన్ల నుంచి వచ్చిన అంకె. ఏకేజీ కే240, బేయర్ స్టూడియో రకాలు ఆ అంకెనే పట్టుకున్నాయి. ఒకే అవుట్‌పుట్‌కి నాలుగు హెడ్‌ఫోన్లు కలిపినా అది కుంగిపోకుండా ఉండాలన్నది స్టూడియోల అవసరం. 1997లో వచ్చిన హెచ్‌డీ 600, 2003లో వచ్చిన హెచ్‌డీ 650 రెండూ 300 ఓమ్స్. ఈ రెండూ నేటికీ అమ్ముడుపోతున్నాయి. వాల్వు ఓటీఎల్ పెట్టెలు ఇవాళ బతికి ఉన్నాయంటే ఈ 300, 600 ఓమ్స్ హెడ్‌ఫోన్ల పుణ్యమే.

ఇక ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ మొదటిది పనిచేయించారు. 1954లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన రీజెన్సీ టీఆర్-1 రేడియోలో నాలుగే ట్రాన్సిస్టర్లు. తెనాలికి ఆ గాలి తగిలేసరికి అరవైలు దాటాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకవైపు వాల్వులూ మరోవైపు ట్రాన్సిస్టర్లూ చేసేది. నాన్నగారి డ్రాయరులో ఈఎల్84 అట్టపెట్టెల పక్కనే ఏసీ127, ఏసీ128 జతలు చేరాయి. అవి జర్మేనియంవి. రోహిణి కార్తె ఎండలకి వాటి లీకేజి కరెంటు పెరిగిపోయి, సెట్టు ఒళ్లు వేడెక్కి, పాట గరగరలాడేది. పొద్దున బాగా పాడింది మధ్యాహ్నానికి ఏమైందని తిరిగొచ్చిన గిరాకీలకి నాన్నగారు చెప్పే జవాబు, "నీడన పెట్టి వినండి." తర్వాత సిలికాన్ ఎస్ఎల్100, ఎస్‌కే100 జతలు వచ్చాక ఆ బాధ తగ్గింది.

ట్రాన్సిస్టరు స్వభావం వాల్వుకి పూర్తిగా తలకిందులు. తక్కువ వోల్టేజి, ధారాళంగా కరెంటు. 8 ఓమ్స్ స్పీకరుని మధ్యవర్తి లేకుండా నేరుగా నడపగలదు. అయితే తొలినాటి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు మీటరు మీద మెరుగ్గానే ఉన్నా, చెవికి గీరుకుపోయేవి. కారణం అంతుపట్టనిదేమీ కాదు. కరెంటు ఆదా కోసం ఒక ట్రాన్సిస్టరు అలలో పైసగం, ఇంకోటి కిందిసగం పంచుకునేవి. చేతులు మారే చోట, అంటే సున్నా దగ్గర, చిన్న మెట్టు మిగిలిపోయేది. పాట గట్టిగా ఉన్నప్పుడు అది కలిసిపోతుంది, మెల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. హెడ్‌ఫోన్‌లో వినేది ఎప్పుడూ ఆ మెల్లటి చోటే. హెడ్‌ఫోన్‌కి కావలసింది కొన్ని మిల్లీవాట్లు మాత్రమే కనక, స్పీకరు యాంప్లిఫయరులో తేలిగ్గా పోనిచ్చే దోషం ఇక్కడ పోనివ్వడానికి లేదు.

వాల్వుకీ ట్రాన్సిస్టరుకీ మధ్య ఈ తగువు తీర్చిన మనిషి గురించి నేను ఎప్పుడు చెప్పినా కాస్త ఎక్కువసేపు చెబుతాను. ఇంగ్లండులో వైర్‌లెస్ వరల్డ్ అనే పత్రిక ఉండేది. 1947 ఏప్రిల్, మే సంచికల్లో విలియమ్సన్ అనే ఇంజనీరు కేటీ66 వాల్వులతో 15 వాట్ల యాంప్లిఫయరు డిజైను ప్రచురించాడు. డిస్టార్షన్ వెయ్యింట ఒకటో వంతు లోపు. ప్రపంచమంతటా ఔత్సాహికులు దాన్ని కట్టారు, కంపెనీలు దాన్ని చూసి సరుకు చేశాయి. సరిగ్గా ఇరవై రెండేళ్లకి, 1969 ఏప్రిల్‌లో, అదే పత్రికలో జాన్ లిన్‌స్లీ హుడ్ తన 10 వాట్ల క్లాస్-ఏ డిజైను వేశాడు. ఛానెల్‌కి నాలుగంటే నాలుగు ట్రాన్సిస్టర్లు. మంచి వాల్వు యాంప్లిఫయరు పక్కన పెట్టి విన్నా తీసిపోకూడదన్నది ఆయన గురి. అందుకు ఆయన చేసినది చాలా సూటి పని. కరెంటు ఆదా సంగతి వదిలేసి, ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ నిండు కరెంటుతో నడిచేలా పెట్టాడు. చేతులు మారడం లేదు కనక మెట్టు కూడా లేదు. 27 వోల్టులు, 1.2 యాంపియర్లు. అంటే పాట ఉన్నా లేకపోయినా ఛానెల్‌కి 32 వాట్లు వేడిగా పోతూనే ఉంటాయి. వేసంగిలో దాని పక్కన కూర్చోవడం కష్టమే. దాన్నే కరెంటు తగ్గించి హెడ్‌ఫోన్ కోసం కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ తర్వాత మటీ ఒటాలా అనే ఫిన్లాండ్ ఇంజనీరు 1970లో, ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లలో ఫీడ్‌బ్యాక్ ఎక్కువై లోపలి స్టేజీలు దాన్ని అందుకోలేకపోతే పుట్టే ఇంకో రకం దోషాన్ని చూపించాడు. దాని మీద పదేళ్లకి పైగా వాదాలు నడిచాయి. నా మటుకు, ఎనభైలు ముగిసేసరికి బాగా డిజైను చేసిన ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు మీద చెవి వేయగల నింద ఏదీ మిగల్లేదు.

కానీ ఆ లోపల హెడ్‌ఫోనే మారిపోయింది. 1979 జూలై 1న జపానులో సోనీ వాక్‌మన్ అమ్మకానికొచ్చింది. ధర 33,000 యెన్‌లు. ఇద్దరు వినేందుకు రెండు సాకెట్లు, లోపల రెండు పెన్‌టార్చి సెల్లులు. రెండు సెల్లులంటే 3 వోల్టులు. అందులోంచి హెడ్‌ఫోన్‌కి దక్కేది మహా అయితే ఒక వోల్టు. ఆ ఒక వోల్టుని 600 ఓమ్స్‌కి ఇస్తే ఒకటిన్నర మిల్లీవాటు చిల్లర. అదే వోల్టు 32 ఓమ్స్‌కి ఇస్తే 31 మిల్లీవాట్లు. సెల్లు మారదు కనక హెడ్‌ఫోన్ మారాల్సి వచ్చింది. వేల ఓమ్స్ పోయి పదుల ఓమ్స్ వచ్చాయి. మనవైపు దుబాయ్, కువైట్ వెళ్లినవాళ్లు సెలవుల్లో తెచ్చిన టూ-ఇన్-వన్‌లూ వాక్‌మన్‌లూ ఎనభైల్లో మా షాపుకి రావడం మొదలైంది. హెడ్‌ఫోన్ వైరు తెగితే అతికించమని ఇచ్చేవారు. నాన్నగారు మీటరు ఆనించి చూసి, ఇది షార్టయిందేమోననుకున్నారు. ఆయన చూసిన హెడ్‌ఫోన్లలో ముల్లు అంత కిందికి పడటం అదే మొదలు.

అక్కడినుంచి హెడ్‌ఫోన్లు రెండు వంశాలయ్యాయి. వాల్వుకీ స్టూడియోకీ పుట్టిన పెద్ద ఓమ్స్ వంశం ఒకటి, సెల్లుకి పుట్టిన చిన్న ఓమ్స్ వంశం ఇంకొకటి. 1976లో యమహా హెచ్‌పీ-1తో పేరు తెచ్చుకున్న పల్చని పొర రకం, అంటే ప్లేనార్, ఇవాళ ఆడెజీ, హైఫైమాన్ కంపెనీల ద్వారా మళ్లీ వచ్చింది. అది ఓమ్స్‌లో చిన్న వంశానికే దగ్గర, ఆకలి మాత్రం పెద్దది. హైఫైమాన్ హెచ్ఈ-6 ని 50 ఓమ్స్ దగ్గర నిండుగా పలికించడానికి కొందరు ఏకంగా స్పీకరు యాంప్లిఫయరే తగిలించారు.

రెండు వంశాలకీ రాజీ కుదర్చాలని ప్రమాణాల కమిటీలు చూశాయి. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం హెడ్‌ఫోన్ సాకెట్ వెనక 120 ఓమ్స్ ఉండాలంది. అప్పటికే చాలా యాంప్లిఫయర్లలో స్పీకరు అవుట్‌పుట్‌కి వందల ఓమ్స్ రెసిస్టెన్సు ఒకటి తగిలించి హెడ్‌ఫోన్ సాకెట్ ఇచ్చేవారు. చవక పని. పెద్ద ఓమ్స్ వాటికి పెద్దగా నష్టం లేదు. చిన్నవాటి గొంతు మాత్రం మారిపోయేది. 2011లో పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు ఓ2 అనే చిన్న యాంప్లిఫయరు డిజైనుని ఊరికే అందరికీ ఇచ్చేశాడు. దాని అవుట్‌పుట్ ఇంపీడెన్సు సుమారు అర ఓమ్. హెడ్‌ఫోన్ ఓమ్స్ కనీసం యాంప్లిఫయరు ఓమ్స్‌కి ఎనిమిది రెట్లుండాలని గట్టిగా వాదించి, మరుసటి ఏడాది మాయమైపోయాడు. అతనెవరో నేటికీ లోకానికి తెలియదు. ఆ ఎనిమిది రెట్ల సూత్రం మాత్రం నిలిచిపోయింది.

ఇప్పుడు నా బల్ల మీది పెట్టెకి ఆ సూత్రం పెట్టి చూడండి. 6080ని క్యాథోడ్ ఫాలోయర్‌గా వాడితే అవుట్‌పుట్ ఇంపీడెన్సు 90 ఓమ్స్ చుట్టుపక్కల తేలుతుంది. హెచ్‌డీ 650 అంకె 300 అయినా అన్ని స్వరాల దగ్గరా అదే 300 కాదు. మంద్ర స్థాయిలో, డయాఫ్రం సహజంగా ఊగే చోట, 500 దాకా లేస్తుంది. అంటే మిగతా చోట్ల నూటికి 77 పాళ్లు వోల్టేజి హెడ్‌ఫోన్‌కి దక్కితే, అక్కడ 85 పాళ్లు దక్కుతుంది. తేడా ఒక డెసిబెల్‌కి కాస్త తక్కువ. మృదంగం తొప్పివైపు కాస్త నిండుగా అనిపిస్తుంది. వాల్వు మాధుర్యం అని మనం మురిసిపోయేదాంట్లో ఒక వాటా ఈ ఓమ్స్ లెక్కదే. వాల్వుది ఏమీ లేదనను. దాని రెండో హార్మోనిక్ చెవికి ఇష్టమే. వాటా ఎంతో తెలిసుంటే మంచిదంటున్నానంతే.

అదే పెట్టెకి 32 ఓమ్స్ హెడ్‌ఫోన్ తగిలిస్తే నాలుగింట మూడొంతులు వోల్టేజి బల్బులోనే ఉండిపోతుంది. చెవిలో దూర్చుకునే కొన్ని రకాలకి ఒక స్వరం దగ్గర 10 ఓమ్స్, ఇంకో స్వరం దగ్గర 50 ఓమ్స్ ఉంటుంది. వాటి గొంతు గుర్తుపట్టలేనంతగా మారుతుంది, పైగా బల్బు హమ్ కూడా వినిపిస్తుంది.

కాబట్టి రెండో పెట్టె చేయాల్సిన పని వాల్వు చేయలేని పని. హెచ్‌డీ 650కి వాల్వు పక్కన ఇంకో రుచి వెతుక్కోవడానికి డబ్బు పెట్టకండి. చిన్న ఓమ్స్ వంశం కోసం పెట్టండి. అవుట్‌పుట్ ఇంపీడెన్సు ఒక ఓమ్ లోపు ఉండాలి, రెండు దాటితే వద్దు. గెయిన్ తగ్గించే స్విచ్ ఉండాలి. లేకపోతే సున్నితమైన ఇయర్‌ఫోన్‌తో వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పగానే చెవి అదురుతుంది, పైగా ఆ మొదటి కాస్తలోనే ఎడమ కుడి సమానంగా ఉండవు. ప్లేనార్ ఉంటే 32 ఓమ్స్‌కి ఎన్ని మిల్లీవాట్లు ఇస్తుందో చూడండి. 300 ఓమ్స్ దగ్గర చూపించే అంకె మీకు పనికిరాదు. స్విచ్ వేసినప్పుడు ఒక క్షణం ఆగి రిలే టిక్కుమంటే మంచి లక్షణం. డీసీ వోల్టేజి హెడ్‌ఫోన్ మీదికి రాకుండా కాపలా ఉందని అర్థం.

ముందు వాల్వు, వెనక ట్రాన్సిస్టరు పెట్టిన హైబ్రిడ్‌లు చాలా దొరుకుతున్నాయి. వాల్వు ఒకటి ఇంట్లో ఉన్నవాళ్లకి అవి అనవసరం. పదిహేను వోల్టులకే బల్బుని వెలిగించి, కింద నారింజ రంగు ఎల్ఈడీ పెట్టి అమ్మేవాటిని నేను యాంప్లిఫయర్లలో లెక్కవేయను.

ఇంకో మాట అమెరికాలో పిల్లలున్నవాళ్లకి. వాళ్లు సూట్‌కేసులో పెట్టి తెచ్చే పెట్టె వెనక 115 వోల్టులని ఉందేమో, ప్లగ్గు పెట్టే ముందే చూడండి. ఉంటే దాని వాటేజికి తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అడాప్టరుతో నడిచేదైతే అడాప్టరు ఏసీ ఇస్తుందో డీసీ ఇస్తుందో చదివి, ఇక్కడి 230 వోల్టులకి అదే రకం కొనండి. రెండు యాంప్లిఫయర్లనీ ఒకే డాక్‌కి (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టెకి) వై వైరుతో కలిపితే, ఆపేసిన ట్రాన్సిస్టరు పెట్టె కొన్నిసార్లు సిగ్నల్‌ని తనవైపు లాగి పాడుచేస్తుంది. చిన్న సెలెక్టర్ స్విచ్ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

ధర గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 1969లో నాలుగు ట్రాన్సిస్టర్లతో అయిన పని ఇప్పుడు ఖరీదైనదేం కాదు, పెద్ద మొత్తం పెట్టారంటే అందులో ఎక్కువ భాగం అల్యూమినియం పెట్టెకే పోతుంది. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ తీసుకోండి. అవుట్‌పుట్ ఇంపీడెన్సు అంకె ఎక్కడా అచ్చువేయని కంపెనీ సరుకు మాత్రం, ఎవరు ఎంత పొగిడినా కొనకండి.